చిన్న తరగతుల వాళ్లతో బొమ్మల పని

మొన్న ఆదివారం పొద్దున మూడు, నాలుగు తరగతుల పిల్లలను వరండాలో కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇచ్చి "మీ ఊరి బొమ్మ వెయ్యండి" అన్నాము. అరగంట తర్వాత చూస్తే అందరిదీ ఒకే బొమ్మ. రెండు కొండలు, వాటి నడుమ పొద్దు, కింద ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి వైపు తండాల నుంచి వచ్చిన పిల్లలు వీళ్లు. ఎవరింటి ముందర కొబ్బరిచెట్టు ఉంది? ఒకడిని అడిగితే "బొమ్మ అంటే గట్లనే ఉండాలె గదా అన్నా" అన్నడు. వాని తప్పేం లేదు. ఆ వయసుల మేమూ అదే వేసినం.

అందుకని చూసి వేసే బొమ్మలు కాక, మన చుట్టూ దొరికే వస్తువులతో చిన్నవాళ్లతో ఏమేమి చేయించవచ్చో ఇక్కడ రాస్తున్నాను. మేము చేసి చూసినవే.

మొదలు రంగులు. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి కాగితమంతా పూయాలి. ఆరిన తర్వాత సబ్బునీళ్లలో ముంచిన పుల్లతో దాని మీద గీస్తే గీసినచోటల్లా ఎర్రగా అవుతుంది. దాని మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు రంగు వస్తుంది. పిల్లలు ఇది మంత్రమనుకొని కేకలు పెట్టిండ్రు. పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంటుంది. అది క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే తిరిగి మొదటి రంగుకు వస్తుంది. పెండ్లిలో కాళ్లకు పెట్టే పారాణి పసుపు, సున్నం కలిపితే వచ్చేది ఇందుకే. సున్నంతో రంగు ఇంకా బాగా వస్తది కాని చిన్నపిల్లల చేతికి ఇవ్వవద్దు, కంట్లో పడితే ప్రమాదం.

మోదుగు పువ్వు సంగతి అందరికీ తెలుసు. హోలీ ముందర ఏరి, నీళ్లలో మరిగిస్తే నారింజ రంగు దిగుతుంది. నల్లరంగుకు బొగ్గు నూరితే చాలు. ఎర్రరంగుకు మన ఇండ్ల గోడలకు పూసే జాజు ఉంది. ఏ రంగులోనైనా కొంచెం తుమ్మబంక నానబెట్టిన నీళ్లు కలపాలి, లేకుంటే ఆరినంక పొడిలాగా రాలిపోతుంది.

ఒక మాట. పువ్వు రంగు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతాయి. జాజు వెలవదు, అది మన్ను కాబట్టి. మేము తెలియక మొదటి బొమ్మలన్నీ ఎండ పడే గోడకు అంటించినం. వారంలో సగం బొమ్మలు తెల్లబోయినయి, పిల్లల ముఖాలు కూడా.

రెండోది కథల చుట్ట. మన పక్క సిద్దిపేట జిల్లాలోనే చేర్యాల ఉంది. అక్కడి నకాషీ వాళ్లు పొడవాటి గుడ్డ మీద కథనంతా గళ్లు గళ్లుగా రాస్తారు. గుడ్డకు సుద్దమన్ను, చింతగింజల అంబలి, బంక కలిపి పూస్తారు. బొమ్మల వెనుక చాలావరకు ఎర్రరంగే ఉంటుంది. కథలు చెప్పే కులాల వాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క గడి చూపిస్తూ రాత్రంతా పాడేవాళ్లు. టీవీ రాకముందు ఊళ్లకు అదే సినిమా. సిద్దిపేటలో పుట్టిన చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) కూడా బోనాలు, బతుకమ్మ వంటి మన పల్లె బొమ్మలే వేసి పేరు తెచ్చుకున్నారు. కొబ్బరిచెట్టు కోసం వెతకలేదు.

మనం పాత పేపర్లను చింతగింజల అంబలితో ఒకదానికొకటి అంటించి చుట్ట చేసినం. ఒక్కో పిల్లవానికి ఒక్కో గడి. తండా నుంచి హాస్టలుకు వచ్చిన రోజు ఏం చూసినవో అది వెయ్యమన్నాము. ఈసారి ఒక్క కొండ కూడా రాలేదు! ట్రంకుపెట్టె వచ్చింది, బస్సు కిటికీ వచ్చింది, మేక వచ్చింది. ఒక చిన్నోడు గడినంతా బొగ్గుతో నల్లగా నింపిండు. ఏందిరా అంటే "మొదటి రాత్రి" అన్నడు. ఎవరం నవ్వలేదు.

మూడోది నాకు అన్నిటికంటె ఎక్కువ నచ్చింది, గోనెపట్టా కుట్టు. గోనెసంచిని దగ్గరగా చూడండి, అచ్చం గ్రాఫు కాగితమే. దబ్బనంలో రంగు ఉన్నిదారం ఎక్కించి, రంధ్రాలు లెక్కపెట్టుకుంటూ కుట్టాలి. నాలుగు అడ్డం, నాలుగు నిలువు పోతే చతురస్రం. వరుసకు ఒక్కొక్క రంధ్రం పెంచుకుంటూ పోయి, మళ్లీ తగ్గించుకుంటూ వస్తే వజ్రం ఆకారం. లెక్క తప్పితే బొమ్మ వంకర పోతుంది, ఎవరూ చెప్పనక్కరలేదు, కంటికే కనబడుతుంది. అద్దాల బదులు మందుగోలీల వెండి రేకు ముక్కలు పెట్టినం.

మూడో తరగతి పిల్ల ఒకామె కుడుతూ కుడుతూ "అన్నా, ఈ కుట్టు పేరేంది? మా యాడి కాంచళి మీద ఉంటది" అని అడిగింది. నాకు తెలియదు. నేను లంబాడీ పిల్లగాన్నే. నిజం రాయాలంటే, మా యాడి ఫేటియా కట్టుకొని, గాజులు వేసుకొని కామారెడ్డి బస్టాండుకు వస్తే నేను నాలుగడుగులు ఎడంగా నడిచేవాన్ని. "చీర కట్టుకొని రావచ్చు గదా" అని కూడా అన్నాను. అట్లాంటోనికి కుట్టు పేరు ఏం తెలుస్తది?

సెలవులకు పోయినప్పుడు అడిగినాను. యాడి ఏం మాట్లాడకుండా పెట్టె తెరిచి పాత కాంచళి తీసింది. గవ్వలు, అసలు అద్దాలు, సన్నని కుట్లు. పెండ్లికి ముందు రెండేండ్లు కుట్టిందట. స్టీలు గిన్నెలవాడు రెండుసార్లు అడిగిండట, ఇయ్యలేదు. ఇట్లాంటి కుట్టుకే కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టు అని ప్రభుత్వ భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ కిలన్, వేలే, మాకి అని ఒక్కో కుట్టుకు ఒక్కో పేరు. మా యాడి చెప్పిన పేర్లు కొన్ని కలిసినయి, కొన్ని కలవలేదు. వాటిని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. పోయిన నెల ఆమె బస్టాండుకు వచ్చినప్పుడు సంచి నేనే పట్టుకున్నాను, పక్కనే నడిచినాను.

నాలుగోది శ్రావణంలో చేయాలి. తీజ్ పండుగకు మన అక్కలు వెదురుబుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు. చిన్నవాళ్లు కొబ్బరిచిప్పలో నాలుగు గింజలు వేసి, కాగితాన్ని తొమ్మిది గళ్లు చేసుకొని, రోజుకొక గడిలో మొలకను చూసి గీయాలి. స్కేలుతో కొలిచి పక్కన అంకె వేస్తే సైన్సు పని కూడా అయినట్టే.

వార్డెన్ సారుకు, వంటింటి అక్కలకు మనవి. చిరిగిన గోనెసంచులు బయట వెయ్యవద్దు, మాకు ఇవ్వండి. చింతపండు పిసికినప్పుడు దొరికే గింజలు ఒక డబ్బాలో వేసి పెట్టండి. వాటిని వేయించుకొని తినేవాళ్లు మనలోనే ఉన్నారు కాబట్టి డబ్బా వార్డెన్ సారు గదిలో ఉంటే మంచిది. వచ్చే ఆదివారం టిఫిన్ తర్వాత వరండాలో రెండో చుట్ట మొదలు పెడుతున్నాం.