ఎలుకబోను బండి పక్కకెందుకు పోతుంది?

"అక్కా, గురి సరిగ్గానే పెట్టినం, బండి గోడకే పోతుంది!" రేపు సైన్స్ ఫెయిర్ అనగా మనూర్ నుంచి తమ్ముడి ఫోన్. బోను స్ప్రింగు దారాన్ని లాగితే వెనక ఇరుసు తిరిగి నడిచే బండి అది. గంట నుంచి గురే మారుస్తున్నారట.

గురి ఒక డిగ్రీ తప్పితే 5 మీటర్లకి దాదాపు 9 సెంటీమీటర్లే తేడా. అదే ముందు ఇరుసు ఒక డిగ్రీ వంకరైతే, ఇరుసుల మధ్య 30 సెంటీమీటర్లున్న బండి వంపు తిరుగుతూ 73 సెంటీమీటర్లు పక్కకి పోతుంది! మొదటి తప్పు దూరంతో పెరుగుతుంది, రెండోది దూరం స్క్వేర్‌తో. (మన ఆల్గారిథమ్స్ క్లాసులో ఎన్, ఎన్ స్క్వేర్ గొడవే.)

అందుకే సగం దూరంలో కూడా సుద్దముక్కతో గుర్తు పెట్టమన్నాను. అక్కడి తేడా చివరి తేడాలో సగముంటే గురి మార్చాలి. పావు వంతే ఉంటే ఇరుసు సరిచేయాలి. ప్రతిసారీ వేరే చోటికి పోతే మాత్రం ఆ రెండూ ముట్టుకోవద్దు, ముందు చక్రాలు వదులుగా ఊగుతున్నాయేమో చూడాలి.