దారి మీద పొగను కొలుచుట

బాన్సువాడ నుండి బిచ్కుందకు వస్తున్న ఒక డీజిలు కారును ఊహించుకొందాము. లోపల ఐదుగురు మనుషులు, వెనుక సామాను, బయట మండుటెండ. ఎడ్లబండి అడ్డు వచ్చిన చోట ఆగుతుంది. దారి దొరకగానే వేగమందుకొంటుంది. దానికి కాలుష్య నియంత్రణ ధ్రువపత్రము ఉన్నది. అయినను దారి పక్కన నిలబడిన మన ఊపిరిలోనికి ఎంత విషవాయువు వచ్చినదో ఆ కాగితము చెప్పదు. ఎందుకు చెప్పదో ఈ వ్యాసములో తెలిసికొందాము.

ధ్రువపత్రమిచ్చే చోట పెట్రోలు కారు ఇంజనును ఊరకే తిరుగనిచ్చి కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బన్లను కొలుస్తారు. డీజిలు కారైతే నిలిపియుంచి, యాక్సిలరేటరు తొక్కి, పొగ చిక్కదనమును చూస్తారు. రెండింటిలోను బండి కదలదు. నైట్రోజన్ ఆక్సైడుల లెక్క రాదు. ఈ వాయువులు ఊపిరితిత్తులను బాధిస్తాయి. ఎండలో ఇతర ఆవిరులతో కలిసి నేల దగ్గర ఓజోనును పుట్టిస్తాయి.

కొత్త నమూనా కారుకు ప్రయోగశాలలో మరింత కఠినమైన పరీక్ష ఉన్నది. కారును రోలర్ల మీద నిలిపి, నిర్ణీత వేగములతో సుమారు 20 నిమిషములు నడుపుతారు. అయితే ప్రశ్నపత్రము ముందే తెలిసిన పరీక్ష వంటిది ఇది. 2014లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరికరములను కారులోనే పెట్టుకొని రోడ్డుపై కొలిచిన ఫలితములను ప్రకటించారు. ప్రయోగశాలలో ఉత్తీర్ణమైన కొన్ని ఫోక్స్‌వ్యాగన్ డీజిలు కార్లు రోడ్డుపై హద్దుకు ఎన్నో రెట్లు నైట్రోజన్ ఆక్సైడులను వదలుతున్నట్లు తేలినది. పరీక్షను గుర్తుపట్టి, అప్పుడు మాత్రమే శుభ్రముగా నడిచే సాఫ్ట్‌వేరు ఆ కార్లలో ఉన్నదని 2015 సెప్టెంబరులో లోకమునకు తెలిసినది.

రోడ్డుపై కొలుచుట ఇట్లు: పొగ గొట్టమునకు ఒక నాళమును బిగిస్తారు. అందులో ప్రవాహమాపకము, వాయు విశ్లేషకములు, సూక్ష్మకణములను లెక్కించే యంత్రము ఉంటాయి. జీపీఎస్ దూరమును, వేగమును వ్రాసుకొంటుంది. మరొక పరికరము ఉష్ణోగ్రతను, తేమను చూస్తుంది. ప్రతి సెకనుకు వాయువు గాఢతను పొగ ప్రవాహముతో గుణించి బరువును కనుగొంటారు. ఆ బరువులన్నిటినీ కూడి, నడిచిన కిలోమీటర్లతో భాగిస్తారు.

ఒక లెక్క చేద్దాము. 50 కిలోమీటర్ల ప్రయాణములో కారు 6 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడులను వదలినదనుకొందాము. అనగా కిలోమీటరుకు 120 మిల్లీగ్రాములు. భారత్ స్టేజ్ 6 ప్రకారము డీజిలు కారుకు హద్దు 80 మిల్లీగ్రాములు. రోడ్డు పరీక్షలో పరికరముల లోపమునకు కొంత సడలింపు ఇచ్చి హద్దును 1.43తో గుణిస్తారు, 114.4 అవుతుంది. కనుక ఈ కారు తప్పినట్లే. ప్రయోగశాలలో 75 మాత్రమే చూపియుండవచ్చును! బరువు, ఎత్తు, వేడి, తొందర: ఇవన్నీ ఇంజనుపై భారమును పెంచుతాయి. భారము పెరిగితే దహనములో వేడి హెచ్చి ఈ ఆక్సైడులు అధికమవుతాయి.

ఐరోపాలో ఈ పరీక్ష 2017 సెప్టెంబరు నుండి కొత్త నమూనాలకు తప్పనిసరి అయినది. పట్టణము, పల్లెదారి, వేగరహదారి మూడింటిపై కారును 90 నుండి 120 నిమిషములు నడపవలెను. మన దేశములో భారత్ స్టేజ్ 6 నియమములు 2020 ఏప్రిల్ 1న వచ్చినను, రోడ్డుపై హద్దును పాటించవలెనన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుండి అమలైనది. మన రోడ్లకు తగినట్లు వేగములను తగ్గించి నిర్ణయించినారు.

అంతకు ముందు అమ్ముడైన కార్లు ఈ హద్దుకు లోబడి వచ్చినవి కావు. అవి నేటికీ మన దారిలో తిరుగుతున్నవి. ఆగియున్న బండికి చేసే పరీక్షయే వాటికి దిక్కు. దారి పక్కన కాయలమ్మే తల్లి, నడిచి బడికి పోయే పిల్లవాడు పీల్చేది కదిలే బండి పొగను. కావున విద్యార్థి మిత్రులారా, ఏ కొలత చూపినను ముందు ఒక ప్రశ్న అడుగుదాము: ఇది ఎక్కడ, ఏ స్థితిలో తీసినది? విజ్ఞానశాస్త్రము మనకు నేర్పిన మొదటి మర్యాద ఇదియే.