కారు ముందు బ్రేకు ప్యాడ్లు – మేము మొదటిసారి మార్చిన విధానం



హాస్టల్లో ఉండగా సైకిల్ బ్రేకు రబ్బర్లు మార్చని వారు మనలో తక్కువ. అరిగిన రబ్బరు తీసి, కొత్తది పెట్టి, తీగ బిగించి, చక్రం తిప్పి చూసుకుంటే పని అయిపోయేది. కారు ముందు చక్రం బ్రేకు కూడ చేసే పని అదే. తీగ ఉన్న చోట ద్రవం, రబ్బరు ఉన్న చోట ప్యాడ్, రిమ్ము ఉన్న చోట ఇనుప డిస్కు ఉంటాయి.

మేము అంటే ఇక్కడ అన్నదమ్ములం ఇద్దరం. మాలో పెద్దవాడు పాత ఆల్టో ఒకటి కొని గిద్దలూరు చుట్టుపక్కల బాడుగకు తోలుతున్నాడు. చిన్నవాడు పీజీ చదువుతున్నాడు. ఒకరికి చెయ్యి వచ్చు, ఒకరికి సూత్రం వచ్చు. రెండూ కలిసినా మొదటిసారి తప్పు చేశాము. ఆ తప్పు కోసమే ఈ వ్యాసం రాస్తున్నామనుకోండి.

కథ కీచు శబ్దంతో మొదలైంది. బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమనేది. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి పలుచబడగానే ఆ రేకు డిస్కుకు తగిలి అరుస్తుంది. చక్రం సందులోంచి చూస్తే బయటి ప్యాడ్ సగం మిగిలే ఉంది. "ఇంకా నెల నడుస్తుందిలేరా" అన్నాడు అన్నయ్య. అదే వారంలో ఆ కారులో ఒక గర్భిణిని, వాళ్ళ అమ్మను గిద్దలూరు నుండి నల్లమల ఘాటు మీదుగా నంద్యాల తీసుకువెళ్ళి వచ్చాడు.

ఘాటులో బ్రేకు మీద ఎంత భారం పడుతుందో లెక్క వేసి చూద్దాం. కారు, నలుగురు మనుషులు కలిపి సుమారు 1000 కిలోలు అనుకోండి. గంటకు 60 కి.మీ. అనగా సెకనుకు 16.67 మీటర్లు. గతిజశక్తి సూత్రంలో పెడితే దాదాపు 1,39,000 జౌల్స్ వస్తుంది. దాదాపు అర లీటరు నీటిని 30 డిగ్రీల నుండి మరిగించేంత వేడి అది. ఒక్కసారి కారు ఆపితే దాదాపు అంతా బ్రేకుల్లోనే పుడుతుంది, అందులోను ఎక్కువ వాటా ముందు చక్రాలది. ఘాటు దిగేటప్పుడు ఇది మలుపు మలుపుకూ జరుగుతుంది. అందుకే దిగుడులో చిన్న గేరులో ఉంచి ఇంజను చేత కూడ ఆపించాలని అనుభవం ఉన్న డ్రైవర్లు చెబుతారు.

ఇక పని. చదునైన గట్టి నేల మీద బండి నిలపాలి. మా వాకిలి వీధి వైపు కొంచెం వాలుగా ఉంటుంది. పరవాలేదులే అనుకున్నాము. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో పెట్టి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాము. చక్రం నేల మీద ఉండగానే నాలుగు నట్లనూ కొద్దికొద్దిగా వదులు చేసుకోవాలి. గాలిలోకి లేపాక విప్పబోతే చక్రం తిరుగుతుంది, బండి ఊగుతుంది. తర్వాత జాకీ ఎత్తి, చక్రం తీసి, స్టెప్నీని, మందపాటి చెక్క దిమ్మెలను బాడీ కిందికి తోశాము. జాకీని ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కింద తల పెట్టవద్దు.

డిస్కును పట్టుకొని ఉండే ఇనుప పిడికిలి లాంటిది క్యాలిపర్. దాని కింది బోల్టు విప్పి, పై బోల్టు ఆధారంగా పైకి తిప్పి, బైండింగు వైరుతో స్ప్రింగుకు కట్టాము. దాన్ని బ్రేకు గొట్టం మీద వేలాడనిస్తే గొట్టం లోపల తెగవచ్చు.

ప్యాడ్లు చేతికి వచ్చాక ఇద్దరికీ మాట రాలేదు. బయటి ప్యాడ్ నిజంగానే సగం ఉంది. లోపలి ప్యాడు మీద మసాలా రూపాయి బిళ్ళ మందం కూడ లేదు. సాధారణంగా 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాలి. కారణం వెతికితే, క్యాలిపర్ జారవలసిన పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నెడితే, క్యాలిపర్ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాక్కురావాలి. జారకపోతే భారమంతా లోపలి దాని మీదే పడుతుంది. బయట నుండి చూసి బాగుందనుకున్నది ఆ పని చేయని ప్యాడ్‌నే.

ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదకండి. పాత రకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడిచాము. పిన్నులను రుద్ది, బ్రేకులకు వాడే గ్రీజే రాశాము. మామూలు గ్రీజుకు అక్కడి రబ్బరు ఉబ్బుతుంది. డిస్కు మీద గోరు నడిపి చూస్తే లోతైన గాడులు లేవు. మందం కూడ డిస్కు మీద అచ్చు వేసిన కనిష్ఠ కొలత కంటె ఎక్కువే ఉంది.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక బయటికి వచ్చి ఉన్న పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. వెల్డింగు షాపులో అడిగి తెచ్చిన సి క్లాంపుతో, పాత ప్యాడ్ అడ్డం పెట్టి మెల్లగా నొక్కాము. అప్పుడు బానెట్ కింద డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది, మూత తీసి చూస్తూ ఉండాలి. ఆయిల్ అని పేరేగాని అది గ్లైకాల్ జాతి ద్రవం. పొంగి బాడీ మీద పడితే రంగు లేస్తుంది. గాలిలోని తేమను పీల్చుకునే గుణం కూడ దానికి ఉంది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140 డిగ్రీలు. ఘాటులో అది మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడలు మెత్తబడుతుంది. ఇంజను ఆయిల్ మాత్రం అందులో చుక్క కూడ పోయరాదు.

కొత్త ప్యాడ్లు పెట్టి, బోల్టు బిగించి, చక్రం ఎక్కించి, నట్లను ఎదురెదురుగా బిగించాము. కుడి చక్రానికి కూడ అదే రోజు మార్చాము. ఒక్క పక్కే మారిస్తే బండి ఒక వైపుకు లాగవచ్చు. రెండు చక్రాలూ ఒకేసారి విప్పకండి, ఎటు పెట్టాలో సందేహం వస్తే రెండోది చూసుకోవచ్చు.

తప్పు ఇక్కడ జరిగింది. పని అయిందన్న సంతోషంలో రాళ్ళు తీసేశాము. అన్నయ్య ఇంజను వేసి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు దించాడు. బండి వెనక్కు కదిలింది. బ్రేకు తొక్కితే పెడలు ఏ అడ్డూ లేకుండా నేలకు తగిలింది. వెనుక వీధి కుళాయి దగ్గర అమ్మ బిందె పట్టుకొని నిలబడి ఉంది. హ్యాండ్ బ్రేకు లాగేసరికి బండి మూడు అడుగులు పోయి ఆగింది. అమ్మకు ఏమీ తెలియలేదు, బిందె ఎత్తుకొని లోపలికి వచ్చింది. మేము చాలాసేపు బండి దిగలేదు.

ఎందుకు అలా అయింది? పదో తరగతి లోపలే చదివిన పాస్కల్ నియమం గుర్తు చేసుకోండి. లెక్క కోసం, పెడలు దగ్గర చిన్న పిస్టన్ అడ్డుకొలత 2 సెం.మీ., చక్రం దగ్గర పెద్ద పిస్టన్ 5 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 6.25 రెట్లు. కాలితో 20 కిలోల బలం వేస్తే, పెడలు లీవరు వలన 80, ద్రవం వలన 500 కిలోల బలం అవుతుంది. అంత లాభం ఊరికే రాదు. పెద్ద పిస్టన్ 6.25 రెట్లు తక్కువ దూరం కదులుతుంది. మేము దాన్ని బాగా వెనక్కు నెట్టాము. ఆ ఖాళీ ఒక్క తొక్కుడుకు నిండదు. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకు తీగతో పనిచేస్తుంది, ద్రవంతో సంబంధం లేదు కనుక అది ఆదుకుంది. ఈ నియమానికి నాలుగు మార్కులు తెచ్చుకున్నవాడు పక్క సీటులోనే కూర్చొని ఉన్నాడు.

కాబట్టి చక్రాలు బిగించగానే, రాళ్ళు తీయక ముందే, పెడలు గట్టిపడే దాకా మెల్లగా తొక్కుతూ ఉండాలి. మాకు పన్నెండుసార్లు పట్టింది. తర్వాత డబ్బాలో మట్టం చూసుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 40 వేగం నుండి మెల్లగా తగ్గిస్తూ పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ నడిపితే ప్యాడ్లు డిస్కుకు కుదురుకుంటాయి. బోల్టుల బిగువును మరునాడు మెకానిక్ చేత టార్క్ రెంచితో సరిచూపించుకున్నాము. తొక్కుతూ ఉన్నా పెడలు గట్టిపడకపోతే బండి కదపకుండా మెకానిక్‌ను ఇంటికే పిలవండి.

పాత ప్యాడ్లు పారవేయలేదు. వార్షికోత్సవం రోజు తెస్తాము. లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి, స్కేలుతో మీరే కొలిచి చూడవచ్చు.