రోక్ ద్వీపపు పాఠశాల

మన కథలలో మాంత్రికుడు కనబడునప్పటికే ముసలివాడై యుండును. బాలనాగమ్మ నెత్తుకొనిపోవు నాటికే మాయల ఫకీరునకు రాని విద్య లేదు. వాని ప్రాణము చిలుకలో భద్రముగా దాగియున్నది. వాడొకప్పుడు బాలుడు కాడా? వానికి తొలిమంత్రము చెప్పిన గురువెవరు? అక్షరము తప్పినప్పుడు వానికి బెత్తపు దెబ్బలు పడెనా? ఈ ప్రశ్నలు విన్నవారికిని తోచలేదు, చెప్పినవారికిని తోచలేదు. పాశ్చాత్యుల కథలలోను మాంత్రికుడు తెల్లని గడ్డముతోనే ప్రవేశించును.

అమెరికా దేశపు రచయిత్రి అర్సులా లెగ్విన్‌కు ఈ ప్రశ్న తోచెను. ఆమె 1929లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున జన్మించెను. తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ పేరెన్నికగన్న మానవశాస్త్రజ్ఞుడు. ఆ ప్రాంతపు ఆదివాసుల భాషలను, ఆచారములను పరిశోధించినవాడు. 1967లో పార్నాసస్ ప్రెస్ అను సంస్థ ప్రచురణకర్త, ఎదిగిన పిల్లలకొక పుస్తకము వ్రాసి యిమ్మని ఆమెను కోరెను. మాంత్రికులు గడ్డములు రాకముందు ఏమి చేయుచుండిరి, ఆ ప్రమాదకరమైన విద్యను ఎక్కడ నేర్చిరి అని ఆమె ఆలోచింపసాగెను. ఆ ఆలోచనయే 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అను నవలగా వెలువడెను. మాంత్రికుల పాఠశాల యనగానే నేటి బాలబాలికలకు హ్యారీ పాటర్ చదివిన హాగ్వర్ట్స్ జ్ఞప్తికి వచ్చును. ఆ కథలలో మొదటిది 1997లో వచ్చినది. లెగ్విన్ నవల దానికంటె 29 సంవత్సరములు పెద్దది.

ఎర్త్‌సీ ఏ పటమునందును లేని లోకము. మహాసముద్రమున చల్లినట్లున్న ద్వీపముల సమూహము. అచటి జనులలో పెక్కుమంది తామ్రవర్ణులు, నల్లనివారు. కథానాయకుడును ఎఱుపు కలసిన గోధుమవన్నెవాడే. వీరుడు తెల్లనివాడుగానే యుండవలెనను పాశ్చాత్యుల అలవాటును రచయిత్రి తెలిసియే విడిచెను. అయినను కొందరు ప్రచురణకర్తలు అట్టమీద తెల్లని బాలుని చిత్రింపించిరి. 2004లో వచ్చిన టెలివిజన్ చిత్రమునను తెల్లని నటునే నాయకుని చేసిరి. ఆమె దానిని బహిరంగముగా ఖండించెను.

ఆ లోకమున ప్రతి వస్తువునకును, ప్రతి ప్రాణికిని ఒక నిజనామము కలదు. ఆ పేరు తెలిసినవానికి ఆ వస్తువు లోబడును. అందుచేత మనుష్యులు తమ నిజనామములను దాచుకొని, వేరొక పేరుతో వ్యవహరింతురు. జన్మనామము వేరు, వ్యవహారనామము వేరు అను మాట మన యిండ్లలోను వినబడును గావున, తెలుగు పాఠకులకిది మరీ వింతగా తోచదు.

గాంట్ అను కొండల ద్వీపమున ఒక కంచుపనివాని కుమారుడు డూనీ. తల్లి లేని పిల్లవాడు, మేకలు కాచుచుండెను. తల్లి తోబుట్టువు ఆ యూరి మంత్రగత్తె. ఇంటికప్పు నెక్కిన మేకను ఆమె యేదో పలికి దింపుట చూచి, మరునాడు డూనీ కొండమీద ఆ మాటలనే పలికెను. మేకలన్నియు వచ్చెను. వచ్చినవి వచ్చినట్లే వానిని చుట్టుకొని, ఒత్తుకొని, విడువకుండెను. ఏడ్చుచు పరుగెత్తిన పిల్లవానిని చుట్టుముట్టియే అవి ఊరు చేరెను. పిలుచుట తెలిసినది గాని పంపుట తెలియలేదు. కథ యంతయు ఈ మేకల మందలోనే యున్నదని నాకు తోచును.

పండ్రెండవ యేట శత్రువులు దండెత్తి రాగా, అతడు పొగమంచును అల్లి ఊరిని దాచి రక్షించెను. ఆ వార్త విని ఓగియన్ అను మహామాంత్రికుడు వచ్చి, పదుమూడవ జన్మదినమున వానికి గెడ్ అను నిజనామ మొసగి శిష్యునిగా తీసికొనిపోయెను. ఓగియన్ మితభాషి. వానను ఒక్క మంత్రముతో తొలగింపగలిగియు, చెట్టుక్రింద తడియుచు పండుకొనును. దారిలో ఒక మొక్కను చూపగా, దాని ఉపయోగ మేమని గెడ్ అడిగెను. తన కెరిగినంతలో ఏమియు లేదని గురువు చెప్పెను. వేరు, ఆకు, పువ్వు అన్ని ఋతువులలోను ఎరిగిన పిమ్మటగాని దాని నిజనామము తెలియదనియు, అది దాని ఉపయోగముకంటె మిన్న యనియు చెప్పెను. గెడ్‌కు ఓపిక లేదు. తనవద్ద నుండుటయా, రోక్ ద్వీపమునందలి పాఠశాలకు పోవుటయా నిర్ణయించుకొమ్మని గురువు అడుగగా, అతడు గురువును ప్రేమించుచునే రోక్‌ను కోరుకొనెను.

ఆ పాఠశాల తలుపు తెరచినను, లోపల అడుగిడుట సులభము కాదు. గెడ్ అడుగు వేసెను. చూచుకొనగా ఇంకను వీథిలోనే నిలిచి యుండెను. తనంతట తాను లోనికి రాలేనని యొప్పుకొని, నిజనామమును ద్వారపాలకునకు చెప్పిన తరువాతనే లోనికి పోగలిగెను. ఆ ద్వారపాలకుడు భృత్యుడు కాడు. అచటి తొమ్మండుగురు ఆచార్యులలో ఒకడు.

అచట గాలిని నడపు విద్య, మూలికల విద్య, రూపములు మార్చు విద్య, మరల్చి పిలుచు విద్య ఇత్యాదులకు వేర్వేరు ఆచార్యులు కలరు. కనుకట్టు విద్య నేర్పు ఆచార్యుడు ఒక గులకరాతిని వజ్రముగా చూపెను. అది వజ్రముగానే నిలుచు ఉపాయ మేమని గెడ్ అడిగెను. ఆచార్యుడు వజ్రమును మరల రాయిగా చేసి, ఈ రాయి మారవలెనన్న దాని పేరు మారవలెను, దాని పేరు మారినచో లోకమే మారును, దానివలన కలుగు మేలుకీడు లెరుగనిదే ఇసుక రేణువునైనను మార్పరాదు అని బోధించెను. గెడ్ తలయూపెను గాని, చిన్న రాతికి ఇంత జాగ్రత్త యేల యని అతనికి తృప్తి కలుగలేదు.

పేర్లు నేర్పు ఆచార్యుడు ద్వీపపు ఉత్తరపు కొసనున్న ఏకాంతపు బురుజులో నివసించును. అచటి చదువు మన బాలురు ఎక్కముల నప్పగించుటకంటె కష్టము. ఒక తీరమందలి ప్రతి అగ్రమునకు, ప్రతి అఖాతమునకు, ప్రతి రాతికి గల పేర్ల పట్టిక చేతికిచ్చును. అర్ధరాత్రమగునప్పటికి సిరా వెలిసిపోయి తోలుకాగితము బోడిదగును. అంతలో నేర్చితే నేర్చినట్లు. సముద్రమునకు ప్రభువు కాగోరువాడు అందలి ప్రతి బిందువు పేరును ఎరుగవలెనని ఆయన చెప్పును. మంత్రవిద్య యనగా చేయి యూపిన చాలుననుకొను పాఠకునికి ఈ బురుజు మంచి సమాధానము.

ఆ పాఠశాలలో బాలికలకు ప్రవేశము లేదు. ఇది నవలలోని లోపమే. రచయిత్రియు తరువాత దీనిని గూర్చి తీవ్రముగా ఆలోచించెను. 2001లో వచ్చిన కథాసంపుటమున, ఆ పాఠశాలను స్థాపించినవారిలో స్త్రీలును కలరనియు, కాలక్రమమున వారిని వెలుపల నుంచిరనియు ఆమె వ్రాసెను. అందే ఒక బాలిక వచ్చి ఆ ద్వారమున నిలుచును.

గెడ్‌కు జాస్పర్ అను తోటివిద్యార్థితో స్పర్ధ కలిగెను. జాస్పర్ సంపన్నుల బిడ్డ. మర్యాదగా నవ్వుచునే మేకల కాపరితనమును ఎత్తిపొడుచువాడు. ఒక వేసవిరాత్రి మాట మాట పెరిగెను. వెచ్ అను స్నేహితుడు వలదని వారించినను వినక, గెడ్ తన గొప్పను చూపుటకు, ఏనాడో మరణించిన ఒక రాణిని పిలిచెను. ఆమె రూపము క్షణకాలము మెరసెను. కాని ఆ చీలికనుండి వేరొకటి దుమికినది. నల్లని ముద్ద, ముఖము లేనిది. అది గెడ్ చెంపను చీల్చెను. ప్రధానాచార్యుడైన వృద్ధ నెమ్మెర్లె వచ్చి ఆ చీలికను మూసెను. మూయుటలో ఆయన శక్తి యంతయు వ్యయమైపోయెను, తెల్లవారులోగా మరణించెను.

మేకలనాడు పినతల్లి వంటిది వచ్చి విడిపించినది. ఈమారు విడిపించినవాడు తన ప్రాణము నిచ్చెను. ఛాయ మాత్రము బయటనే యున్నది.

ఇక్కడనుండి కథ సాహసకథగా మాత్రమే సాగియుండవచ్చును. రచయిత్రి అట్లు చేయలేదు. గెడ్ నెలల తరబడి శయ్యమీద నుండెను. లేచిన పిమ్మట మాట తడబడెను, మొగమున మచ్చలు మిగిలెను, తనకంటె చిన్నవారితో కూర్చుండి చదువవలసి వచ్చెను. వెచ్ చదువు ముగించి స్వదేశమునకు పోవుచు అతని చూడవచ్చి, అడుగకయే తన నిజనామమును చెప్పెను. తన ప్రాణమును చేతిలో పెట్టుటయే అది. తనవలన ఒకరు మరణించిరని క్రుంగియున్న బాలునకు, నిన్ను నమ్ముచున్నానని చెప్పుటకు వెచ్ వేరు మాట వాడలేదు. నవలలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిదియే. ఇందులో మంత్రమేమియు లేదు.

చదువు ముగిసి వెలుపలికి పోవలెనన్న ద్వారపాలకుని పేరు చెప్పవలెను. ఏ మాయచేతను దానిని తెలిసికొనలేనని గెడ్ చాలసేపు ఆలోచించి గ్రహించెను. తుదకు ఆయన యెదుట నిలిచి, మీ పేరేమని అడిగెను. ఆయన చిరునవ్వుతో చెప్పెను.

తరువాత ఛాయ అతనిని దేశదేశముల తరిమెను. అలసి డేగరూపమున పారిపోయి వచ్చిన గెడ్‌ను ఓగియన్ గుర్తించి మనుష్యుని చేసెను. వెనుదిరిగి దానినే వెంటాడుమని చెప్పెను. గెడ్ వెంటాడసాగిన నాటినుండి అది పారిపోజొచ్చెను. వెచ్ తోడుగా, చిన్న పడవలో, కడపటి ద్వీపమును దాటి తూర్పుసముద్రమున పోగా పోగా, అలలు ఇసుకవలె నిలిచిపోయినచోట అది ఎదురుపడెను. గెడ్ పడవ దిగి దానిని సమీపించెను. రెండు కంఠములును ఒక్కమారే ఒక్క పేరును పలికెను: గెడ్.

ఇసుక మరల నీరయ్యెను. మునుగుచున్న స్నేహితుని వెచ్ పడవలోనికి లాగుకొనెను. గెడ్ పసివానివలె ఏడ్చెను, నవ్వెను. వెచ్ చెల్లెలు యారో తమ ద్వీపపు తీరమున ఎదురుచూచుచుండెను. ఆ యిరువురును పడవను అటు త్రిప్పిరి.