ఆంగ్ల జాతీయములు – అర్థగ్రహణ మార్గములు

ప్రతి భాషలోను పదము వేరు, పలుకుబడి వేరు. పదమునకు అర్థము నిఘంటువులో దొరకును. పలుకుబడికి అర్థము ఆ భాష మాటలాడు జనుల జీవనములో దొరకును. దీనినే తెలుగువారు జాతీయమనియు, ఉర్దూవారు ముహావరా అనియు, ఆంగ్లేయులు ఇడియమ్ అనియు అందురు. రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతముల విద్యార్థులు అనేకులు ఆంగ్ల వ్యాకరణము చక్కగా నేర్చియు జాతీయముల వద్ద తడబడుటను మేము గమనించుచున్నాము. పదమునకు పదము పెట్టి అనువదించుటయే ఇందులకు ముఖ్య కారణము.

‘కడుపు మండినది’ అను మాటను ఉన్నదున్నట్లు ఆంగ్లములో పెట్టినచో వినువాడు అజీర్ణమనుకొని మందు చెప్పును గాని మన ఆవేదనను గ్రహింపడు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఇట్టి పొరపాటు దొర్లిన నష్టపోవునది అభ్యర్థియే.

జాతీయము పుట్టిన నేల తెలిసినచో అర్థము సులభమగును. ‘క్యారీ కోల్స్ టు న్యూకాజిల్’ అనగా న్యూకాజిల్‌కు బొగ్గు మోయుట. ఆ పట్టణము ఇంగ్లండులో బొగ్గు ఎగుమతికి పేరొందినది. కావున ‘ఉన్నచోటికే తీసికొనిపోవు వృథాశ్రమ’ అని భావము. ఉర్దూలో ‘ఉల్టే బాన్స్ బరేలీ కో’ అందురు. బరేలీ వెదురునకు ప్రసిద్ధి. మన ప్రాంతమువారు దీనిని ‘మార్కాపురమునకు పలకలు మోసినట్లు’ అని చెప్పుకొన్నచో మరల మరచిపోరు.

పలక ప్రస్తావన వచ్చినది గనుక ‘ఎ క్లీన్ స్లేట్’ అను మాటను చూతము. పూర్వము ఇంగ్లండులో అంగళ్లవారు అరువు పద్దులను పలకపై వ్రాసి, బాకీ తీరగానే తుడిచెడివారు. అందుచేత ‘పాత లెక్కలు విడిచి క్రొత్తగా ఆరంభించుట’ అని అర్థమేర్పడినది.

మూడు భాషలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మిక్కిలి లాభకరము. పారిపోవుటను ఆంగ్లేయుడు ‘టేక్ టు వన్స్ హీల్స్’ అని మడమలతో చెప్పును. తెలుగువాడు ‘కాలికి బుద్ధి చెప్పెను’ అనును. ఉర్దూవారు ‘నౌ దో గ్యారహ్’ అని అంకెలతో ముగింతురు. జోరువాన మనకు కుండపోత, ఉర్దూలో రోకలి లావు ధార యగు ‘మూసలాధార్’, ఆంగ్లములో పిల్లులు, కుక్కలు.

అయితే పోలికలన్నియు నమ్మదగినవి కావు. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ అనగా ఒకరిని ఆట పట్టించుట. మనము కాలు పట్టి లాగుట అన్నచో ఎదుగువానిని అడ్డగించుట. అట్లే ‘ఈద్ కా చాంద్’, ‘నల్లపూస’ అనునవి అరుదుగా కనబడు మనిషిని గూర్చి చెప్పునవి. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అరుదుగా జరుగు పనిని గూర్చినది. దానికి తగిన తెలుగు ‘అమావాస్యకో, పున్నమికో’.

విద్యార్థులు ఈ నాలుగు నియమములను పాటింపవలెను.

1. జాతీయమును ఒకే పదముగా భావించి, వాక్యమంతయు చదివి అర్థము నిర్ణయింపవలెను.

2. అందలి పదములను మార్చరాదు. బకెట్‌కు బదులు కుండను పెట్టినచో ‘కిక్ ద బకెట్’ జాతీయము కాజాలదు.

3. సందర్భమర్యాద తెలియవలెను. మరణించుట అను అర్థముగల ఆ మాటయు, దానినుండి మనకు వచ్చిన ‘బాల్చీ తన్నుట’యు పరిహాసమునకే చెల్లును. సంతాపలేఖలో వాడినచో చదువువారి మనస్సు నొచ్చును.

4. ప్రతి జాతీయమునకును తెలుగు, ఉర్దూ సాటిమాటలను, ఒక సొంత వాక్యమును నోటుపుస్తకములో వ్రాసికొనవలెను.

ఇట్టి కృషి మనకు క్రొత్త కాదు. కడపలో కొలువుచేసిన సి.పి.బ్రౌన్ దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి, అందు పదములతోపాటు పలుకుబడులను గూడ చూపెను. 1854లో తెలుగులో కలిసిన హిందూస్థానీ మొదలగు అన్యదేశ్యములకు వేరొక నిఘంటువు వెలువరించెను. పరదేశీయుడు మన నుడికారము కొరకు అంత శ్రమించినపుడు, రెండు భాషల సంపద ఇంటనే గల మన విద్యార్థులకు మూడవది అసాధ్యము కాదు. వారమునకు ఐదు జాతీయములు నేర్చినను ఏడాదికి రెండువందల యేబది దాటును. నేడే ఆరంభింతురుగాక యని మా ఆకాంక్ష.