బైకు మిగిల్చే డబ్బు ఎక్కడికి పోతోంది?

ఉద్యోగంలో కుదురుకున్న మూడు నాలుగేళ్లకు చుట్టూ ఒకటే ప్రశ్న మొదలవుతుంది. ‘కారెప్పుడు కొంటున్నావ్?’ అడిగేది మేనమామ కావచ్చు, పక్క సీటు సహోద్యోగి కావచ్చు, పెళ్లి సంబంధం తెచ్చిన పెద్దమనిషి కావచ్చు. అప్పటిదాకా ఏ లోటూ చేయని బైకు ఆ మాట చెవిన పడగానే చిన్నదైపోతుంది. ఆ రాత్రే ఫోన్‌లో ఈఎంఐ ఎంతో చూసుకుంటాం. నెలకు ఇంతేనా, కట్టేయొచ్చులే అనిపిస్తుంది.

ఆ ఒక్క అంకె చూసి సంతకం పెట్టకండి. ఒక తెల్లకాగితం తీసుకోండి. బైకు మీద తిరిగితే నిజంగా డబ్బు మిగులుతుందా, మిగిలితే ఎంత, ఆ మిగిలింది ఇప్పుడు ఎక్కడుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాశాకే షోరూం మెట్లెక్కండి.

ముందు పెట్రోలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. రోజూ రానూపోనూ దాదాపు నలభై కిలోమీటర్లు. నెలకు వెయ్యి. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకుందాం. వంద, నూట పాతిక సీసీ బైకు ట్రాఫిక్‌లో కూడా యాభై ఇస్తుంది. అంటే ఇరవై లీటర్లు, 2,160 రూపాయలు. చిన్న పెట్రోలు కారుకు కంపెనీ ఇరవై పైన మైలేజీ చెప్పినా, సిగ్నళ్ల మధ్య ఆగుతూ కదులుతూ పద్నాలుగు ఇస్తే మంచిదే. 71 లీటర్లు, 7,700 రూపాయలు. తేడా నెలకు 5,500.

చాలామంది ఇక్కడితో కాగితం మడిచేస్తారు. ఇంతకంటే పెద్ద ఖర్చు ఒకటుంది. దానికి బిల్లు రాదు, మెసేజ్ రాదు. అది తరుగుదల.

మీ ఇన్సూరెన్స్ పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. దానికి లెక్క ఉంది. ఆరు నెలలు దాటిన బండి విలువలో 15 శాతం తీసేస్తారు. ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40. నాలుగేళ్లు దాటి ఐదో ఏడు నడుస్తుంటే సగం. ఈ శాతాలు కారుకూ బైకుకూ ఒకటే. కానీ ఎనిమిది లక్షల్లో సగమంటే నాలుగు లక్షలు. ఎనభై అయిదు వేలల్లో సగమంటే నలభై రెండున్నర వేలు. దీనికి రిజిస్ట్రేషన్ రోజు కట్టిన లైఫ్ ట్యాక్స్ కలపండి. కారుకు అది లక్ష దాటుతుంది, బైకుకు పదివేల దగ్గర ఉంటుంది. ఐదేళ్ల మీద పరిస్తే కారు విలువ నెలకు ఎనిమిది వేలకు పైగా కరుగుతుంది. బైకుది తొమ్మిది వందల లోపే. కొన్ని మోడళ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇంకాస్త మంచి ధర పలకొచ్చు. అయినా ఈ రెండు అంకెల మధ్య దూరం పెద్దగా మారదు.

ఇక అప్పు. ఎనిమిది లక్షలు, తొమ్మిది శాతం వడ్డీ, ఏడేళ్లు. ఈఎంఐ సుమారు 12,870 రూపాయలు. ఏడేళ్లలో కట్టేది 10 లక్షల 81 వేలు. వడ్డీయే రెండు లక్షల ఎనభై వేలు. షోరూంలో ‘ఏడేళ్లకు పెట్టుకోండి సార్, భారం ఉండదు’ అంటారు. భారం తగ్గదు, కాలం పెరుగుతుంది. ఐదో ఏడు ముగిసేసరికి బండి సగం ధరకు దిగుతుంది, వాయిదాలు ఇంకా రెండేళ్లు మిగిలే ఉంటాయి.

ఇన్సూరెన్స్ కూడా చూడండి. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైకుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. 1000 సీసీ దాటి 1500 లోపున్న కారుకు 3,416. సొంత డ్యామేజీ పాలసీ కలిస్తే కారు ఖర్చు ఇంకా చాలా పైకి పోతుంది. పెట్రోలు, తరుగుదల, వడ్డీ, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అన్నీ వేసుకుంటే మన ఉద్యోగికి కారు నెలకు ఇరవై వేలు దాటుతుంది. బైకు నాలుగు వేలలోపు. పెట్రోలు తేడా ఐదున్నర వేలే, మొత్తం తేడా పదహారు వేలకు పైన. బైకు మైలేజీతో మిగిల్చేది కొంత. అంతకు రెట్టింపు, మీరు కారు కొనకపోవడం వల్ల మిగులుతుంది.

ఈ వాక్యాన్ని పట్టుకుంటే చాలా నిర్ణయాలు తేలికవుతాయి. ఇంట్లో కారు ఇప్పటికే ఉంది, దాన్ని అమ్మే ఆలోచన లేదు, ‘పెట్రోలు మిగులుతుంది’ అని పైగా ఒక బైకు కొంటున్నారు. అప్పుడు కారు తరుగుదల, వడ్డీ, ఇన్సూరెన్స్ ఎక్కడికీ పోవు. మిగిలేది పెట్రోలు తేడా ఒక్కటే. వంద సీసీ బండి ఆన్‌రోడ్ లక్ష అనుకుంటే, నెలకు 5,500 చొప్పున ఏడాదిన్నరలో పెట్టుబడి తిరిగొస్తుంది. మంచిదే. అదే రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 తీసుకుని ఆన్‌రోడ్ రెండు లక్షల ముప్పై వేలు పెట్టారనుకోండి. మైలేజీ ముప్పై అయిదు. నెలకు మిగిలేది 4,600. డబ్బు తిరిగిరావడానికే నాలుగేళ్లు దాటుతుంది, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కలపకుండానే. బుల్లెట్ మీద మనసుంటే సంతోషంగా కొనుక్కోండి. ఇష్టానికి డబ్బు ఖర్చు పెట్టడం తప్పు కాదు. ఆ ఇష్టానికి పొదుపు అని పేరు పెట్టుకుంటేనే చిక్కు. అలా పేరు పెట్టుకున్నవాళ్లు పెట్రోలు దగ్గర పొదుపు చేశామన్న ధీమాతో మరో చోట చేయి వదిలేస్తారు.

బైకుకు ఖర్చే లేదని కూడా అనుకోవద్దు. కారు సర్వీసింగ్ పదివేల కిలోమీటర్లకో ఏడాదికో వస్తే, బైకుకు చాలా ముందే ఇంజిన్ ఆయిల్ మార్చాలి. చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, టైర్లు అరుగుతూనే ఉంటాయి. ఆయిల్ మార్చకుండా లాగించి వందలు మిగిల్చినవాళ్లు ఇంజిన్ పని దగ్గర వేలు కడతారు. నెలకు ఐదు వందలు బండి పేరుతో పక్కన పెట్టండి. మెకానిక్ దగ్గర బేరాలాడే అవసరం రాదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ లెక్క ఇంకా బాగుంటుంది. వంద కిలోమీటర్లకు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు. వెయ్యి కిలోమీటర్లకు ఇంటి కరెంటుతో మూడు వందల దరిదాపు. తెలంగాణలో ఈ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు వరకు ప్రకటించారు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింటు దొరుకుతుందో లేదో చూసుకుని దిగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. బైకు లెక్కలో ఒక పద్దు డబ్బులో రాయలేనిది, ఒళ్లు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేకుండా పోయినవారు యాభై వేల పైన. ఆ యాభై వేలలో పద్నాలుగు వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. అమ్మలు, భార్యలు, తమ్ముళ్లు. మంచి హెల్మెట్ చావు ముప్పును నలభై శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పును డెబ్భై శాతం దాకా తగ్గిస్తుందని వైద్య అధ్యయనాలు తేల్చాయి. నెలకు పదహారు వేలు మిగిల్చే బండి మీద వెళ్తూ రోడ్డు పక్కన అమ్మే నాసిరకం హెల్మెట్ తలకు తగిలించుకోవడం ఏ లెక్కకూ అందదు.

అందుకే మొదటి నెల మిగిలిన డబ్బు మీ చేతిలోకి రానివ్వకండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్లు రెండు, ఒకటి మీకు, ఒకటి వెనక కూర్చునేవారికి. చేతులకు గ్లౌజులు, మంచి రెయిన్‌కోటు. బండి యజమానికి పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. అది మీ పేరు మీద చెల్లుబాటులో ఉందో లేదో ఈ రోజే చూడండి. కుటుంబం మీ జీతం మీద నడుస్తుంటే టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా కూడా ఈ మిగులులోంచే తీయండి. ఇవన్నీ కలిపినా కారు ఖర్చుకు ఆమడ దూరంలో ఉంటారు.

ఇంకొకటి. జాతీయ రహదారి టోల్‌ప్లాజాల్లో ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు. సంక్రాంతికి విజయవాడ దారిలో పంతంగి దగ్గర కార్లు బారులు తీరితే, పక్క సందులోంచి బైకులు దూసుకుపోతుంటాయి. భార్య వెనక, బిడ్డ ట్యాంకు మీద, సంచి హ్యాండిల్‌కు. చూస్తుంటే భయమేస్తుంది. బైకు మీద ఇద్దరికే చోటు. నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే నడిపేవారికి కట్టి ఉంచే హార్నెస్, పిల్లల హెల్మెట్ ఉండాలని, వేగం నలభై దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఊరికి బస్సులోనో రైల్లోనో వెళ్లండి. వాన గట్టిగా పట్టిన సాయంత్రం, ఒంట్లో బాగోలేని రోజు, అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినప్పుడు క్యాబ్ పిలవండి. ఇందుకోసం నెలకు మూడు వేలు విడిగా పెట్టుకోండి. ఆ డబ్బు వాడుకున్నందుకు బాధపడవద్దు. అది మీరు కొనని కారు అద్దె. మన దిల్‌సుఖ్‌నగర్ ఉద్యోగి రోజూ మాదాపూర్ దాకా బండి తోలనక్కర్లేదు కూడా. స్టేషన్ దగ్గర బండి పెట్టి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీలో దిగవచ్చు. బండీ అరగదు, నడుమూ నొప్పెట్టదు.

మొదట అడిగిన మూడో ప్రశ్నకు వద్దాం. పదేళ్లుగా బైకు మీదే తిరుగుతున్నవాళ్లను ఆ మిగిలిన డబ్బు చూపించమంటే ఎంతమంది చూపించగలరు? కారుకు కట్టని వాయిదా కొత్త ఫోనుగా, వారాంతపు బిర్యానీగా, ఎవరికో ఇచ్చి రాని చేబదులుగా కరిగిపోతుంది. ఖర్చు తగ్గడం ఒకటి, పొదుపు కావడం ఒకటి. రెండోది జరగాలంటే జీతం పడిన మర్నాడే డబ్బు ఖాతాలోంచి కదలాలి. కేవలం ఆ పెట్రోలు తేడా 5,500 తీసుకోండి. పోస్టాఫీసు ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్‌లో 6.7 శాతం వడ్డీకి వేస్తే చేతికొచ్చేది 3 లక్షల 92 వేలు. ఖాతాకు ‘బండి’ అని పేరు పెట్టుకోండి. ఎవరైనా కారెప్పుడు అని అడిగితే ఆ పాస్‌బుక్కు గుర్తొస్తుంది, మనసు చిన్నబోదు. ఎదుటివారి చూపుకు జవాబు చెప్పాలన్న తొందరలో కొన్న వస్తువుకు వాయిదాలు మాత్రం మనమే కట్టాలి.

కారు వద్దనడం లేదు. ఇద్దరు పిల్లలు, ఇంట్లో నడవలేని పెద్దవాళ్లు, రాత్రి డ్యూటీలు ఉంటే కారు అవసరమే. అలాంటి ఇంట్లో బైకు పొదుపు గురించి మాట్లాడటం అన్యాయం. కొత్తదే కావాలని లేకపోతే నాలుగైదేళ్లు నడిచిన మంచి కారు చూడండి. దాని మీద పెద్ద తరుగుదలను మొదటి యజమాని ఎప్పుడో భరించేసి ఉంటాడు.

కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవారు ఒక పని చేయండి. ఆరు నెలలపాటు కారు కొన్నట్టే బతకండి. ఈఎంఐ 12,870, అదనపు పెట్రోలు 5,500, ఇన్సూరెన్స్, సర్వీసింగ్‌కు రెండు వేలు. మొత్తం సుమారు ఇరవై వేలు ప్రతి నెలా జీతం రోజే వేరే ఖాతాకు పంపండి. ఎక్కేది మాత్రం బైకే. మూడో నెలలో అప్పు చేయాల్సి వచ్చిందా, ఆ కారు మీ జీతానికి ఇంకా బరువే. ఆరు నెలలూ ఇబ్బంది లేకుండా గడిచాయా, ఖాతాలో లక్షా ఇరవై వేలు ఉంటాయి. దాన్ని డౌన్‌పేమెంట్‌కు కలపండి, ఏడేళ్ల అప్పు ఐదేళ్లకు తగ్గించమనండి, అప్పుడు షోరూంకు వెళ్లండి.