ఉత్తరముల జల్లెడ

బియ్యము బాగుచేయు ఇల్లాలిని మనము అందరము చూచియే యుందుము. ఆమె మొదట చేటతో చెరిగి పొట్టును పోగొట్టును. పిమ్మట జల్లెడ పట్టి నూకలను వేరుచేయును. అంతటితో తృప్తిపడక బియ్యమును పళ్ళెములో పలుచగా పరచి, కంటితో చూచుచు మట్టిబెడ్డలను ఏరివేయును. చేట చేయు పని వేరు, జల్లెడ చేయు పని వేరు, కన్ను చేయు పని వేరు. ఈ మూడును కూడినప్పుడే అన్నములో రాయి పంటికి తగులకుండును.

ఉత్తరములను వేరుపరచుటయు ఇట్టి పనియే. సంచిలో కలగాపులగముగా వచ్చిన ఉత్తరములను తపాలా ఉద్యోగులు గళ్ళ బీరువా ముందు నిలిచి, ఏ ఊరి ఉత్తరమును ఆ ఊరి గడిలో వేయుదురు. ఒకే పేరుగల ఊళ్ళు అనేకములుండుట చేతను, చిరునామాలు పలు భాషలలో నుండుట చేతను పూర్వము ఈ పని మిక్కిలి కష్టముగా నుండెడిది. దానిని సులభము చేయుటకై 1972 ఆగస్టు 15వ తేదీన మన దేశమున ఆరు అంకెల పిన్‌కోడు ప్రవేశపెట్టబడెను. దీనిని రూపొందించినవారు తపాలా శాఖలో ఉన్నతోద్యోగియు, సంస్కృత కవియు అగు శ్రీరాం భికాజీ వేలంకర్. మొదటి అంకె 5 అయినచో ఆ ఉత్తరము ముఖ్యముగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రములకు చెందినదని తెలియును. చివరి మూడంకెలు బట్వాడా చేయు పోస్టాఫీసును తెలుపును. చిరునామా మొత్తము చదువకయే ఉత్తరమును సరియైన గడికి చేర్చుటకు ఈ అంకెలు తోడ్పడుచున్నవి.

ఉత్తరము కాగితమును విడిచి కంప్యూటరులో ప్రవేశించిన పిమ్మట వేరుపరచు పని తగ్గలేదు సరికదా, పెరిగినది. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు కంప్యూటరుల వలయము మీదుగా ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు సందేశమును పంపెను. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మనము వ్రాయు ‘ఎట్’ గుర్తును ఎన్నుకొన్నవాడు అతడే. కాగితపు ఉత్తరమునకు తపాలా బిళ్ళ అతికింపవలెను. ఈమెయిలునకు అది అక్కరలేదు. ఒకే సందేశమును వేయిమందికి పంపుటకు ఒక్క మీట నొక్కిన చాలును. అందుచేత బంధువుల క్షేమ సమాచారములు, బడి ప్రకటనలు, బ్యాంకు లెక్కలు, అంగళ్ళ ప్రకటనలు అన్నియు ఒకే పెట్టెలో వచ్చి పడుచున్నవి. ఆ పెట్టెకు ‘ఇన్‌బాక్స్’ అని పేరు.

ఈ సందేశములను మన కంప్యూటరులోనే తెచ్చి చూపి, సర్దిపెట్టు ప్రోగ్రాములు అనేకములు కలవు. 2004 డిసెంబరులో తొలి సంపూర్ణ రూపమున వెలువడిన ‘థండర్‌బర్డ్’ వానిలో ఒకటి. దీనిని ఎవరైనను వెల చెల్లింపకయే తెచ్చుకొని వాడుకొనవచ్చును. దీనిని తెరచినంతనే ఎడమప్రక్క ఫోల్డరుల వరుస కనబడును. ఇన్‌బాక్స్, మనము పంపిన సందేశములుండు ‘సెంట్’, పనికిరానివాని కొరకు ‘జంక్’, తొలగించినవాని కొరకు ‘ట్రాష్’ అనునవి వానిలో ముఖ్యమైనవి. ఇవి చాలనిచో మనకు కావలసిన పేర్లతో క్రొత్త ఫోల్డరులను చేసికొనవచ్చును. తపాలా కచేరిలోని గళ్ళ వంటివే ఇవియును.

గళ్ళు సిద్ధమైన పిమ్మట ఉత్తరములను వానిలో వేయువాడు కావలెను గదా! ప్రతి సందేశమును మనమే చేతితో చేర్చుచు కూర్చుండనక్కరలేదు. ఒకమారు నియమము వ్రాసి యిచ్చినచో ఆ పనిని ప్రోగ్రామే చేయును. ఈ నియమమునకు ‘ఫిల్టరు’ అని పేరు. ఇదియే మన జల్లెడ. థండర్‌బర్డ్‌లో ‘టూల్స్’ అను పట్టికయందు ‘మెసేజ్ ఫిల్టర్స్’ అను చోట దీనిని వ్రాయవచ్చును. ప్రతి ఫిల్టరునందును రెండు భాగములుండును. మొదటిది షరతు, రెండవది చర్య. పంపినవారెవరు, శీర్షికలో ఏ మాట యున్నది, ఎవరి పేర వచ్చినది అనునవి షరతులు. ఫలానా ఫోల్డరునకు చేర్చుము, నక్షత్రపు గుర్తు పెట్టుము, తొలగింపుము అనునవి చర్యలు.

షరతులు రెండు మూడు ఉన్నప్పుడు ఒక సంగతిని బాగుగా గుర్తింపవలెను. ఒక ఉపాధ్యాయుడు ‘పంపినవారు ప్రధానోపాధ్యాయులు’ అనియు, ‘శీర్షికలో పరీక్ష అను మాట కలదు’ అనియు రెండు షరతులు వ్రాసెననుకొందము. ‘అన్నియు సరిపోవలెను’ అని కోరినచో, ప్రధానోపాధ్యాయులు పరీక్షలను గూర్చి వ్రాసిన సందేశములు మాత్రమే వేరగును. ‘ఏ ఒక్కటి సరిపోయినను చాలును’ అని కోరినచో, ప్రధానోపాధ్యాయులు వ్రాసినవన్నియు, పరీక్షలను గూర్చి ఇతరులు వ్రాసినవన్నియు కూడ వేరగును. షరతులు అవే, ఫలితము మాత్రము వేరు.

యంత్రము మాటకు అర్థమును చూడదు, అక్షరములనే చూచును. శీర్షికలో ‘రమ’ అని యున్నవానిని వేరుచేయుమని చెప్పినచో, ‘రమణ పెండ్లి’ అను శీర్షికయు దానికి చిక్కును, ‘పరమపద సోపానము’ అను శీర్షికయు చిక్కును. ఆ రెండింటిలోను ‘రమ’ అను అక్షరములు కలవు గదా! జల్లెడ కన్ను పెద్దదైనచో నూకతోపాటు బియ్యమును జారిపోవును.

ఫిల్టరుల వరుస క్రమము కూడ ముఖ్యమే. ప్రోగ్రాము వానిని పైనుండి క్రిందికి ఒక్కొక్కటిగా పరీక్షించును. పై నియమము ఒక సందేశమును ఒక ఫోల్డరునకు చేర్చినచో, క్రింది నియమమునకు అది సాధారణముగా అందదు. కావున అత్యవసరమైన నియమమును పైన నుంచవలెను. మరియు, మన కంప్యూటరులో వ్రాసికొన్న ఈ ఫిల్టరులు ప్రోగ్రాము తెరచి యున్నప్పుడే పనిచేయును. మూసియున్నంత కాలము సందేశములు దూరమున నున్న సర్వరు యంత్రములో వేచియుండును.

ఇక చేట సంగతి. అడుగకుండ వచ్చిపడు ప్రకటన సందేశములకు ‘స్పామ్’ అని పేరు. 1978 మే నెలలో ఒక అమెరికా కంప్యూటరు సంస్థ ఉద్యోగి తమ క్రొత్త యంత్రములను గూర్చిన ప్రకటనను సుమారు 400 మందికి ఒక్కమారుగా పంపెను. ఇట్టివానిలో మొదటిదిగా దీనిని చెప్పుదురు. ప్రకటనలు పంపువారు దినమునకొక పేరు, పూటకొక శీర్షిక మార్చుదురు గనుక మనము వ్రాసిన నియమములు వారిని పట్టజాలవు. 2002లో పాల్ గ్రాహమ్ అను రచయిత ఒక వ్యాసమున దీనికి లెక్కల మార్గమును సూచించెను. దానికి మూలము 1763లో, అనగా తామస్ బేయ్స్ అను ఇంగ్లండు గణితజ్ఞుడు మరణించిన రెండేండ్లకు, ప్రకటితమైన ఆయన సంభావ్యతా సిద్ధాంతము.

ఆ మార్గము ఇట్టిది. పనికిరాని సందేశములను ఇవి అని మనము గుర్తు పెట్టుచు పోవుదుము. మంచివానిని మంచివని చెప్పుదుము. ప్రోగ్రాము రెండు రాసులలోని మాటలను లెక్కించును. ‘లాటరీ’ అను మాట పనికిరానివానిలో 40 మారులు, మంచివానిలో ఒక్కమారు వచ్చినదనుకొందము. ఆ మాటగల క్రొత్త సందేశమును అది అనుమానించును. అయినను ఒక్క మాటను బట్టియే తీర్పు చెప్పక, తక్కిన మాటలను కూడ కలిపి లెక్కించును. చెడ్డవానిని మాత్రమే చూపి మంచివానిని చూపనిచో దీని చదువు సగమే యగును.

ఇంత తెలిసికొన్న నేనును ఒకమారు మోసపోతిని. ఆ సంగతి చెప్పుట మీకు మేలగునని చెప్పుచున్నాను.

ఒక వేసవిలో శిక్షణాలయముల ప్రకటనలు నాకు దినమునకు పది పండ్రెండు వచ్చుచుండెను. ‘ఫీజులో రాయితీ’, ‘సగము ఫీజునకే శిక్షణ’ అనునవి వాని శీర్షికలు. విసిగి, శీర్షికలో ‘ఫీజు’ అను మాట యున్న ప్రతి సందేశమును తొలగింపుమని ఒక ఫిల్టరు వ్రాసితిని. మరునాటినుండి పెట్టె శుభ్రముగా నుండెను. నా తెలివికి నేనే మురిసితిని.

ఆ రోజులలోనే మా అన్నగారి కుమారుడు ఒక కళాశాలలో చేరుటకు దరఖాస్తు పెట్టెను. వారింట కంప్యూటరు లేకపోవుటచే నా ఈమెయిలు చిరునామానే ఇచ్చెను. దినములు గడచుచుండెను. ఒకనాటి సాయంకాలము అతడు వాడిన ముఖముతో వచ్చి, “బాబాయ్! కాలేజీ నుండి ఏమియు రాలేదా? నా స్నేహితునకు వచ్చి తొమ్మిది దినములైనదట. రేపే ఆఖరు గడువట” అనెను.

ఇన్‌బాక్స్ అంతయు వెదకితిని. లేదు. జంక్ ఫోల్డరు చూచితిని. అందును లేదు. “నాకు సీటు రాలేదు కాబోలు” అని అతడు మెల్లగా అనెను. అప్పుడు నా గుండె ఝల్లుమన్నది. ట్రాష్ తెరచి చూతును గదా, శిక్షణాలయముల ప్రకటనల నడుమ ‘ప్రవేశ ఫీజు చెల్లించుటకు గడువు’ అను శీర్షికతో ఆ ఉత్తరము పడియున్నది! ప్రోగ్రామును మూసినప్పుడెల్ల ట్రాష్‌ను ఖాళీ చేయు ఏర్పాటు కూడ కలదు. అదృష్టవశమున దానిని నేను ఎన్నుకొనలేదు. మరునాటి ఉదయమే డబ్బు కట్టి వచ్చితిమి. ఆ బాలుని చదువు నిలిచినది.

ఫిల్టరు ఏ తప్పును చేయలేదు. నేను చెప్పినదానిని చెప్పినట్లు చేసినది. ఆలోచింపక ఆజ్ఞ ఇచ్చినవాడను నేనే.

ఆనాటినుండి నేను కొన్ని జాగ్రత్తలు పాటించుచున్నాను. మొదటిది, ఒక్క మాటను బట్టి ఏ సందేశమును తొలగింపుమని చెప్పను. ప్రత్యేకముగా ఒక ఫోల్డరునకు చేర్చుమని మాత్రమే చెప్పుదును. చేర్చినదానిని మరల తెచ్చుకొనవచ్చును, శాశ్వతముగా పోయినది తిరిగి రాదు. రెండవది, ముఖ్యులైనవారి చిరునామాలతో ఒక నియమము వ్రాసి దానిని అన్నింటికి పైన నుంచుదును. మూడవది, క్రొత్త ఫిల్టరు వ్రాసిన వెంటనే పాత సందేశముల మీద నడిపి, అది వేనిని పట్టుచున్నదో చూతును. నాలుగవది, వారమునకొకమారు జంక్, ట్రాష్ ఫోల్డరులను స్వయముగా పరిశీలింతును.

ఈ నాలుగవదియే పళ్ళెములోని బియ్యమును కంటితో చూచుట. చేటయు జల్లెడయు శ్రమను తగ్గించును. వానిని వలదనుట అవివేకము. కాని ఆ పళ్ళెము ముందు ఇల్లాలు కూర్చుండుట మానినచో రాయి పంటికి తగులక మానదు. యంత్రమునకు పని అప్పగింపవచ్చును, బాధ్యతను అప్పగింపరాదు. ఒక బాలుని చదువు, ఒక తల్లి క్షేమ సమాచారము, ఒక రోగికి రావలసిన కబురు ఏ శీర్షికతో వచ్చునో జల్లెడకు తెలియదు. తెలిసికొనవలసినవారము మనమే.

అభ్యాసము

1. చేట, జల్లెడ, కన్ను అను మూడింటిని రచయిత వేనితో పోల్చెను?
2. పిన్‌కోడు ఎప్పుడు, ఎందులకు ప్రవేశపెట్టబడినది?
3. ‘అన్నియు సరిపోవలెను’, ‘ఏ ఒక్కటి సరిపోయినను చాలును’ అను వానికి గల భేదమును మీ సొంత ఉదాహరణముతో వివరింపుము.
4. కళాశాల ఉత్తరము ట్రాష్‌లో ఏల చేరెను? ఆ ఫిల్టరును ఎట్లు వ్రాసియుండిన బాగుండెడిది?
5. “యంత్రమునకు పని అప్పగింపవచ్చును, బాధ్యతను అప్పగింపరాదు.” దీనిని గూర్చి పది వాక్యములు వ్రాయుము.